జగదీశ్ చంద్ర బోస్ గురించి పిల్లలకు ఏం చెబుదాం? (నవంబర్ 30, రాయగడ)

నాగావళి గట్టు (రాయగడ)
నవంబర్ 9, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మా పేటలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాం. బడిలో వాళ్ల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది, ఇంట్లో మాత్రం తెలుగే. ఈ నవంబర్ 30న జగదీశ్ చంద్ర బోస్ పుట్టినరోజుకి ఒక పూట కార్యక్రమం పెట్టుకున్నాం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలు వస్తారు.

"రేడియో కనిపెట్టింది మన బోస్, మార్కోనీ కాజేశాడు" అనే ఫార్వర్డు మా గ్రూపులో ప్రతి ఏడాదీ తిరుగుతుంది. ఆ ముక్క చెప్పి, మిఠాయి చేతిలో పెట్టి పంపేయడం నాకు ఇష్టం లేదు. ఆయన తన చేతులతో ఏం చేశాడు, అది ఎందుకు గొప్ప, మార్కోనీ సంగతి ఏమిటి, పిల్లల ముందు చేసి చూపించగల ప్రయోగం ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. మొక్కల గురించి బడి పుస్తకాల్లో ఎలాగూ ఉంది. నాకు కావలసింది వైర్‌లెస్ కథ.

బరంపురం కుర్రాడు
నవంబర్ 9, రాత్రి 9:02

మాస్టారూ, ఆ ఫార్వర్డులో తప్పేముంది? 1895లో కలకత్తా టౌన్ హాల్లో బోస్ తీగ లేకుండా గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. మార్కోనీ లండన్‌లో పేటెంటుకి దరఖాస్తు పెట్టింది 1896 జూన్ 2న. ముందెవరు, వెనకెవరు అన్నది తేదీలే చెబుతున్నాయి. 1909లో నోబెల్ మార్కోనీకీ, జర్మనీవాడు బ్రౌన్‌కీ వెళ్లింది. మన వాడికి ఏం దక్కింది? నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. నా నాలుగేళ్ల సిలబస్‌లో బోస్ పేరు ఒక్కసారి కూడా రాలేదు. మన పిల్లలకి కోపం రావాలి, రానివ్వండి.

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 9, రాత్రి 10:40

తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. నేనూ ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెబుతున్నాను, సిలబస్ సంగతి నాకూ మంటే. కానీ "ముందెవరు" అన్న పందెంలో బోస్‌ని నిలబెడితే ఆయన చేసిన అసలు పని కనబడకుండా పోతుంది. అది నాకు ఇంకా పెద్ద అన్యాయం అనిపిస్తుంది.

తీగ లేకుండా విద్యుత్ తరంగాలు పోతాయని ముందు లెక్క కట్టింది మాక్స్‌వెల్, 1860లలో. వాటిని పుట్టించి చూపించింది హెర్ట్జ్, 1887-88లో. 1894 జూన్‌లో లండన్‌లో ఆలివర్ లాడ్జ్ వాటి మీద ఉపన్యాసం ఇచ్చి ప్రయోగాలు చూపించాడు. ఆ ఉపన్యాసం అచ్చయ్యాక చదివే బోస్‌కి ఈ దారి పట్టింది. రష్యాలో పొపోవ్ 1895 మే నెలలో పిడుగుల సంకేతాలు పట్టే పరికరం చూపించాడు. అంటే ఒకే ఏడెనిమిదేళ్లలో నాలుగు దేశాల్లో ఇదే పని నడుస్తోంది.

మరి బోస్ ప్రత్యేకత ఏమిటి? హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి. అవి వెలుగులాగే వంగుతాయని చూపించడానికి ఆయన తారుతో ఒక పట్టకం పోయించాడు, దాని బరువు 600 కిలోల దాకా ఉంది. పొడవాటి తరంగానికి పెద్ద సామాను కావాలి మరి. బోస్ దాన్ని తిరగేశాడు. సామాను చిన్నది కావాలంటే తరంగమే చిన్నది కావాలి. 5 మిల్లీమీటర్ల తరంగం దాకా దిగాడు, ఇప్పటి లెక్కలో 60 గిగాహెర్ట్జ్. ఆ రోజుల్లో భూమ్మీద ఇంకెవరి దగ్గరా అలాంటి మూలం, దానికి తగిన గ్రాహకం, మధ్యలో కొలతలకి కావలసిన పరికరాలు అన్నీ కలిపి ఒక బల్ల మీద లేవు. తరంగాన్ని పట్టే గరాటు ఆకారపు హార్న్, దాన్ని నడిపించే గొట్టం, గంధకంతో చేసిన పట్టకాలు, కటకాలు, అన్నీ ఆయనే చేయించుకున్నాడు. హార్న్ యాంటెన్నా అని ఇవాళ నువ్వు చదివే పాఠం అదే, తమ్ముడూ. పుస్తకంలో పేరు వేయలేదు, అంతే.

జయపురం రేడియో షాపు
నవంబర్ 10, ఉదయం 7:20

మేడమ్ చెప్పింది చదివి నిద్ర చెడగొట్టుకున్నాను. మా నాన్నగారి కాలం నుంచీ జయపురంలో రేడియో రిపేరు షాపు మాది. వాల్వు సెట్లు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఇప్పుడు మొబైళ్లు. మా కొండల్లో తెలుగు వినాలంటే రేడియోనే దిక్కుగా ఉండేది. రాత్రయితే విజయవాడ 837 మీద పెట్టుకుని అరుగు మీద పదిమంది కూర్చునేవారు. పగలు విజయవాడ అందేది కాదు, రాత్రి అందేది. ఎందుకని గిరాకీలు అడిగితే మా నాన్న "రాత్రిపూట ఆకాశం అద్దం అవుతుంది" అనేవారు.

నా ప్రశ్న ఏమిటంటే, మన రేడియోల్లో తరంగం నుంచి మాటను విడదీసే డిటెక్టర్ డయోడ్ ఉంటుంది. దానికి ముందు గలీనా రాయి మీద సన్నని తీగ మొన ఆనించి వినే క్రిస్టల్ సెట్లు ఉండేవి. ఆ గలీనా బోస్‌ది అంటారు, నిజమేనా?

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 10, ఉదయం 8:05

నిజమే అన్నయ్యా. గలీనా అంటే సీసపు ఖనిజం. దాని మీద లోహపు మొన ఆనిస్తే కరెంటు ఒక తీరుగా, ఎదురు దిశలో ఇంకో తీరుగా పోతుంది. ఆ ఏర్పాటునే బోస్ తరంగాలు పట్టే పరికరంగా చేశాడు. అమెరికాలో పేటెంటు దరఖాస్తు 1901 సెప్టెంబర్ 30న పడింది, మంజూరైంది 1904 మార్చి 29న. నంబరు 7,55,840. అర్ధవాహకంతో (సెమీకండక్టర్‌తో) చేసిన పరికరం మీద ప్రపంచంలోనే తొలి పేటెంటు ఇదని లెక్క. 1977లో నోబెల్ పొందిన నెవిల్ మాట్ బోస్ తన కాలానికి కనీసం 60 ఏళ్లు ముందున్నాడని అన్నది ఈ పని గురించే.

మీ నాన్నగారి అద్దం మాట కూడా సరైనదే. పైన గాలిలో విద్యుత్ పొర ఉంటుందని 1902లో కెనెలీ, హెవీసైడ్ ఊహించారు, 1924లో ఆపిల్టన్ ప్రయోగంతో చూపించాడు. పగలు ఆ పొర కింది భాగం మీడియం వేవ్‌ని మింగేస్తుంది. రాత్రి ఆ కింది భాగం పోతుంది కాబట్టి పై పొర నుంచి తరంగం తిరిగి కిందికి వస్తుంది. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. బోస్‌ది 5 మిల్లీమీటర్లు. 70 వేల రెట్ల తేడా.

వంశధార (గుణుపురం)
నవంబర్ 10, మధ్యాహ్నం 1:30

ఆ తేడా దగ్గరే మార్కోనీ సంగతి తేలిపోతుంది. నేను ఉద్యోగం అంతా వైర్‌లెస్ సెట్ల మీదే చేసి రిటైరయ్యాను. మా కొండల్లో వీహెచ్‌ఎఫ్ సెట్టు పట్టుకుని తిరిగినవాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కొండ అడ్డం వస్తే మాట తెగుతుంది. కొరాపుట్ వైపు దేవమాలి కొండ 1,672 మీటర్లు, దాని నీడలో పడితే ఇక అంతే. పైకెక్కి మాట్లాడాలి, లేదంటే సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే రిపీటరు పెట్టాలి. తరంగం ఎంత చిన్నదైతే అడ్డంకి అంత బలంగా తగులుతుంది. పొడవాటి తరంగం నేలనంటుకుని వంగి పోతుంది.

టౌన్ హాల్లో బోస్ పంపిన దూరం 75 అడుగులు. మధ్యలో మూడు గోడలు, సభకి అధ్యక్షత వహించిన బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఒళ్లు కూడా దాటి అవతలి గదిలో గంట మోగింది. అది అద్భుతం. అదే సంవత్సరం ఇటలీలో ఇరవై ఒక్క ఏళ్ల మార్కోనీ ఎత్తైన ఏరియల్ కట్టి, రెండో కొస భూమిలో పాతి, పొడవాటి తరంగంతో గుట్ట అవతలికి పంపాడు. సంకేతం అందిందని అవతల నుంచి తుపాకీ పేల్చి చెప్పారు. ఆ ఏరియల్, ఆ ఎర్త్ లేకపోతే నా ఉద్యోగమే లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను గజపతి జిల్లా మీద పడ్డప్పుడు టవర్లు పడిపోయాయి, కొండచరియలు విరిగి ఊళ్లకి దారి పోయింది. అలాంటి రాత్రి పని చేసేవి సెట్టు, బ్యాటరీ, పొడవాటి ఏరియల్. మార్కోనీని దొంగ అనడానికి నాకు నోరు రాదు బాబూ.

బరంపురం కుర్రాడు
నవంబర్ 10, సాయంత్రం 6:48

పెద్దాయనా, మీ అనుభవానికి నమస్కారం. కానీ 1901 డిసెంబర్ 12న అట్లాంటిక్ దాటిన సంకేతం సంగతేమిటి? ఇంగ్లండు పోల్దూ నుంచి న్యూఫౌండ్‌లాండ్ సిగ్నల్ హిల్‌కి 'ఎస్' అక్షరం, మూడు చుక్కలు. గాలిపటంతో ఏరియల్ ఎగరేసి, చెవికి టెలిఫోన్ రిసీవర్ పెట్టుకుని విన్నారు. ఆ విన్న పరికరం ఎవరిది? "ఇటలీ నౌకాదళ కొహెరర్" అని పేరు పెట్టారు. గాజు గొట్టంలో పాదరసం చుక్క, దానికి టెలిఫోన్. అచ్చం అదే ఏర్పాటు, ఇనుము-పాదరసం-టెలిఫోన్, బోస్ 1899 ఏప్రిల్‌లో లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన వ్యాసంలో ఉంది. 1998లో ప్రబీర్ బందోపాధ్యాయ్ ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ పత్రికలో ఇదంతా పేజీ పేజీ చూపించాడు. ఇది కూడా పొరపాటేనా? అమెరికా సుప్రీంకోర్టు 1943లో మార్కోనీ పేటెంటు కొట్టేసింది కూడా.

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 10, రాత్రి 9:30

కొహెరర్ విషయంలో నువ్వు చెప్పింది సబబే. దాన్ని దాచకుండా పిల్లలకి చెప్పాలి. ఆ పరికరం మార్కోనీకి లూయిజీ సొలారీ అనే నౌకాదళ అధికారి చేతి నుంచి వచ్చింది. దాని వెనక బోస్ వ్యాసం ఉంది. మార్కోనీ తన ఉపన్యాసంలో బోస్ పేరు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఈ మాట గట్టిగానే చెప్పు.

1943 కోర్టు తీర్పుని మాత్రం ఇందులో కలపకు. అది ట్యూనింగ్ పేటెంటు గురించి, అంటే కావలసిన తరంగాన్నే ఎంచి పట్టే పద్ధతి. అక్కడ లెక్కకు వచ్చినవి లాడ్జ్, టెస్లా, స్టోన్‌ల ముందటి పనులు. బోస్‌కీ దానికీ సంబంధం లేదు. ఎవరైనా పిల్లాడు రేపు పెద్దయి తిరగేసి చూస్తే, ఈ ఒక్క అతుకు వల్ల మిగతా నిజమంతా అబద్ధం అనుకుంటాడు.

కొహెరర్ అంటే ఏమిటో ఇక్కడ కొందరికి తెలియకపోవచ్చు. గాజు గొట్టంలో లోహపు పొడి వదులుగా ఉంటుంది. మామూలుగా కరెంటు పోదు. తరంగం తగలగానే రేణువులు ఒకదానికొకటి అంటుకుని కరెంటు పోతుంది. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ గమనించాడు. చిక్కేమిటంటే ఒకసారి అంటుకున్నాక మళ్లీ తట్టి విడదీయాలి. బోస్ ఒక్కో లోహాన్నీ తీసుకుని ఏది ఎలా ప్రవర్తిస్తుందో చూసి, తట్టక్కర్లేకుండా తనంతట తానే మామూలు స్థితికి వచ్చేదాన్ని తయారు చేశాడు. 1899 వ్యాసం అదే. అదృష్టం కాదది. లోహం తర్వాత లోహం పెట్టి, విసుగు లేకుండా చూసిన పని.

కొరాపుట్ అమ్మ
నవంబర్ 11, ఉదయం 6:15

పేటెంటు ఎందుకు తీసుకోలేదు మరి ఆయన? మా అమ్మాయి అడిగింది. డబ్బు వద్దనుకున్నాడా, తెలియక వదిలేశాడా?

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 11, ఉదయం 7:50

తెలిసే వదిలేశాడమ్మా. 1901లో లండన్‌లో ఉపన్యాసానికి కొంచెం ముందు ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితం చేత్తో పట్టుకుని వచ్చాడు. అన్నీ సభలో బయటపెట్టొద్దు, పెట్టుబడి నాది, లాభంలో సగం మీది అన్నాడు. బోస్ ఒప్పుకోలేదు. ఆ సంగతి రవీంద్రనాథ్ టాగోర్‌కి ఉత్తరం రాశాడు, ఆ దేశంలో డబ్బు మీద యావ ఎంతుందో చూస్తే నీకు తెలుస్తుందని. జ్ఞానం అందరిదీ అన్నది ఆయన పట్టుదల. గలీనా పేటెంటు కూడా సిస్టర్ నివేదిత, సారా బుల్ అనే అమెరికా ఆవిడ ఒత్తిడి చేస్తే పడింది. దాని మీద ఆయన పైసా సంపాదించలేదు, గడువు తీరిపోనిచ్చాడు.

జయపురం రేడియో షాపు
నవంబర్ 11, ఉదయం 9:10

నాకు ఇది అంగీకారం కాదు మేడమ్, గౌరవంతోనే చెబుతున్నాను. ఆయన పేటెంటు తీసుకుని ఉంటే కలకత్తాలో రేడియో సామాను తయారయ్యేది. నా చిన్నప్పుడు మా షాపులో వాల్వుల మీద హాలండ్, ఇంగ్లండ్ పేర్లే ఉండేవి. జ్ఞానం అందరిదీ అన్నవాడి జ్ఞానంతో వేరేవాళ్లు సరుకు చేసి మనకే అమ్మారు. పేటెంటు వద్దంటే సరే, ఒక కార్ఖానా అయినా పెట్టించి ఉండాల్సింది.

వంశధార (గుణుపురం)
నవంబర్ 11, ఉదయం 10:25

కార్ఖానా పెట్టే స్థితి ఎక్కడిది అప్పుడు? 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం ఇచ్చి తెల్లవాళ్లకిచ్చే జీతం ఇవ్వలేదు. భారతీయుడికి మూడింట రెండొంతులు, అందులోనూ తాత్కాలికం అని సగం. ఆయన మూడేళ్లు జీతం ముట్టకుండా పాఠం చెప్పాడు. ఇంట్లో నాన్నగారి అప్పులు. చివరికి కాలేజీవాళ్లు పూర్తి జీతం బకాయితో సహా ఇస్తే ఆ డబ్బు అప్పులకే పోయింది. పరిశోధనకి సరైన గది లేదు, చిన్న గదిలో చదువుకోని ఒక రేకుల పనివాడికి తనే నేర్పుకుని ఆ హార్న్‌లు, గొట్టాలు కొట్టించాడు. 1894 నవంబర్ 30న తన 36వ పుట్టినరోజు నాడు ఇక పరిశోధనకే బతుకు అని నిర్ణయించుకున్నాడు. అక్కడి నుంచి ఏడాది తిరక్కుండా తొలి వ్యాసం, 1895 మేలో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి. మీ పిల్లలకి ఆ రేకుల పనివాడి మాట తప్పకుండా చెప్పండి మాస్టారూ. ఆయన పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

కొరాపుట్ అమ్మ
నవంబర్ 11, మధ్యాహ్నం 2:40

ఆయన భార్య గురించి ఎవరూ చెప్పలేదు. అబలా బోస్. ఆడపిల్ల అని కలకత్తా మెడికల్ కాలేజీలో చేర్చుకోకపోతే 1882లో మద్రాసు వెళ్లి వైద్యం చదివింది. ఆరోగ్యం బాగోలేక పూర్తి చేయలేకపోయింది. 1887లో పెళ్లి. ఆ జీతం లేని రోజులు ఇద్దరూ కలిసే గడిపారు. తర్వాత 1919లో ఆడవాళ్ల చదువు కోసం నారీ శిక్షా సమితి పెట్టి బెంగాల్ పల్లెల్లో బడులు తెరిపించింది. 1896లో లివర్‌పూల్ సభలో బోస్ ప్రయోగం చూసిన పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్, కాలు సరిగా నడవకపోయినా మెట్లెక్కి ఆడవాళ్ల గ్యాలరీకి వెళ్లి ఆవిడను అభినందించాడు. మీ తరగతిలో ఆడపిల్లలు ఉంటారు కదా మాస్టారూ, ఈ భాగం మా అమ్మాయి చెబుతానంటోంది. రాయగడ రైలెక్కి వస్తాం.

నాగావళి గట్టు (రాయగడ)
నవంబర్ 11, రాత్రి 8:30

రండమ్మా, తప్పకుండా రండి. ఆ భాగం అమ్మాయిదే.

ప్రయోగం సంగతి ఇంకా తేలలేదు. గంట మోగించడం మన వల్ల అవుతుందా?

జయపురం రేడియో షాపు
నవంబర్ 11, రాత్రి 9:15

అవుతుంది, గంట బదులు ఎల్‌ఈడీ వెలిగిద్దాం. పారదర్శకంగా ఉన్న ఖాళీ బాల్ పెన్ను గొట్టం ముక్క తీసుకోండి. రెండు వైపులా రెండు మేకులు దూర్చండి. మధ్యలో వంటింటి అల్యూమినియం కాగితాన్ని ఆవగింజంత ఉండలు చుట్టి వదులుగా వేయండి. బిగించకూడదు. దీనికి వరసలో రెండు పెన్సిల్ సెల్లులు, ఎర్ర ఎల్‌ఈడీ, ఒక చిన్న రెసిస్టరు. ఎల్‌ఈడీ వెలగదు. ఇప్పుడు గ్యాస్ లేని, నిప్పురవ్వ మాత్రమే వచ్చే స్టౌ లైటరు తెచ్చి దగ్గర్లో టిక్కుమనిపించండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. మళ్లీ ఆర్పాలంటే గొట్టాన్ని వేలితో తట్టాలి. ఉండలు మరీ వదులైతే పని చేయదు, మేకు కొంచెం లోపలికి జరపాలి. మేకులకి జానెడు తీగలు కడితే దూరం పెరుగుతుంది. ఇక్కడే పిల్లలకి మార్కోనీ ఏరియల్ అర్థమవుతుంది. తట్టాల్సి వచ్చినప్పుడు బోస్ దేనికోసం అంత తిప్పలు పడ్డాడో అర్థమవుతుంది. సామాను నేను తెస్తాను.

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 11, రాత్రి 10:05

అన్నయ్యా, ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. నేను రెండు వస్తువులు తెస్తాను, చేసి చూపడానికి కాదు, చేత్తో పట్టుకుని చెప్పడానికి. ఒకటి రైల్వే టైంటేబుల్ పుస్తకం. బోస్ లండన్‌లో ఇలాంటి పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి తన తరంగానికి అడ్డం పట్టాడు. ఒక వైపు తిప్పితే తరంగం పోతుంది, పావు వంతు తిప్పితే ఆగిపోతుంది. తరంగం ఏ దిశలో ఊగుతుందో కొలవడానికి పుస్తకం సరిపోయింది.

రెండోది జనపనార కట్ట. 1898లో నారని కుడివైపు మెలిపెట్టిన కట్టలు, ఎడమవైపు మెలిపెట్టిన కట్టలు చేసి తరంగం దారిలో పెట్టాడు. తరంగం ఊగే దిశ ఒక కట్టతో ఒక వైపు, రెండో కట్టతో ఎదురు వైపు తిరిగింది. పంచదార నీళ్లలో వెలుగు తిరగడానికి కారణం లోపలి అణువుల మెలికే అని, అణువుకి బదులు నారతో నమూనా కట్టి చూపించాడు. మన వైపు గోగునార ఊరపెట్టే చెరువు గట్టు మీద తాడు పేనడం చూసిన పిల్లాడికి ఇది వెంటనే తలకెక్కుతుంది. నాకు బోస్ పనులన్నిటిలో ఇదే ఇష్టం.

ఇంకొకటి. ఆయన నాన్న ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి అయినా కొడుకుని ముందు ఇంగ్లీషు బడికి పంపలేదు, ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడిలో వేశాడు. పక్కన జాలరి కొడుకు కూర్చునేవాడు. సరిగ్గా ఆ తరంలోనే, బోస్ కన్నా ఐదేళ్లు చిన్నవాడు గిడుగు రామమూర్తి మా పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి, సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే బడి నడపాలని తాపత్రయపడ్డాడు. మీ ఆదివారం తరగతికి ఈ ఇద్దరూ దగ్గరి చుట్టాలు మాస్టారూ.

బరంపురం కుర్రాడు
నవంబర్ 12, అర్ధరాత్రి 12:20

పిల్లలకి నచ్చే ఇంకో సంగతి. 1896లో ఒక తలనూనె వ్యాపారి పెట్టిన కథల పోటీకి బోస్ బెంగాలీలో కథ రాశాడు. కలకత్తా మీదికి తుపాను వస్తుంది, ఓడలో ఉన్నాయన సీసాలో నూనె సముద్రంలో పోస్తే తుపాను చల్లబడుతుంది. మా గోపాలపురం తీరంలో 2013లో వచ్చిన ఫైలిన్ తుపాను గురించి విన్న పిల్లలు ఈ కథ వదలరు. కథ నేను చెబుతాను.

ఇప్పటి సంగతి కూడా నాకు వదిలేయండి. 2022లో మన దేశంలో 5జీకి వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండు తరంగం పొడవు 11 మిల్లీమీటర్ల చిల్లర. బోస్ పరికరాలు నడిచిన హద్దులోనే ఉంది. కార్ల ముందు పెట్టే రాడార్ 77 గిగాహెర్ట్జ్, 4 మిల్లీమీటర్లు. అమెరికాలో అరిజోనా రేడియో టెలిస్కోపు రిసీవర్‌లో ఆయన 1897 నాటి జంట పట్టకం ఆలోచన వాడారు. కానీ కొహెరర్ ముక్క దగ్గర నేను గొంతు తగ్గించను, మేడమ్ ఒప్పుకున్నారు కదా.

వంశధార (గుణుపురం)
నవంబర్ 12, ఉదయం 6:30

తగ్గించకు బాబూ, పేరు చెప్పాల్సిన చోట చెప్పకపోవడం తప్పే. ఏరియల్, ఎర్త్ సంగతి మాత్రం నేను చెబుతాను, నా పాత మోర్స్ కీ కూడా తెస్తాను. ఒక్కో పిల్లాడూ తన పేరు మోర్స్‌లో కొట్టి వెళ్లాలి.

నాగావళి గట్టు (రాయగడ)
నవంబర్ 12, ఉదయం 7:15

ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడదాం. ముందు జయపురం అన్నయ్య ఎల్‌ఈడీ, తర్వాత టైంటేబుల్, నార, ఆ తర్వాతే బోస్ జీవితం. చేసి చూశాక వింటే ప్రశ్నలు ఎక్కువొస్తాయి. రేకుల పని చేసే పెద్దాయన ఒకరు మా వీధి చివర ఉన్నారు, హార్న్ ఒకటి కొట్టి ఇస్తారేమో ఈ సాయంత్రం వెళ్లి అడుగుతాను. మేడమ్, కొలతలు పంపించగలరా?

పర్లాకిమిడి ఫిజిక్స్
నవంబర్ 12, ఉదయం 7:40

మధ్యాహ్నంలోగా బొమ్మ గీసి పెడతాను. నోరు అరచేతి వెడల్పు, వెనక గొట్టం వేలు దూరేంత. రాగి రేకు దొరికితే మంచిది, లేకపోతే నెయ్యి డబ్బా రేకు చాలు.